యార్డుకు తాళం వేస్తే మార్కెట్ మూతపడినట్టేనా?

ప్రశ్న ఇది: "మాది మదనపల్లె దగ్గర పల్లె. ఇంటర్‌లో సీఈసీ చదువుతున్నాను. ఎకనామిక్స్ పుస్తకంలో 'మార్కెట్ అంటే ఒక ప్రదేశం కాదు' అని ఉంది. మా నాన్న వారానికి మూడుసార్లు టమాటా వేసుకుని మార్కెట్‌కే వెళ్తాడు. దానికి గేటు, గోడ, బోర్డు అన్నీ ఉన్నాయి. అది ప్రదేశం కాకపోతే ఇంకేంటి? షేర్ మార్కెట్, లేబర్ మార్కెట్ అన్నప్పుడు కూడా ఇదే అర్థమా?"

మీ నాన్నగారు అనేదీ కరెక్టే, పుస్తకంలో ఉన్నదీ కరెక్టే. ఒకే మాటను రెండు పనులకు వాడుతున్నాం, చిక్కంతా అక్కడే. సాయంత్రం ఇంటికొచ్చాక మీ అమ్మగారు "మార్కెట్ ఎలా ఉంది?" అని అడిగితే మీ నాన్న "గేటు పక్కన రోడ్డు బాగుచేశారు" అని చెప్పరు కదా. "డల్‌గా ఉంది", "ఈరోజు లేచింది" అంటారు. మార్కెట్ పడిపోయిందని ఫోన్ వస్తే గోడ కూలిందేమోనని ఎవరూ పరిగెత్తరు. అంటే ప్రదేశం కాని మార్కెట్ మీ ఇంట్లో రోజూ మాటల్లో నలుగుతూనే ఉంది. పుస్తకం దానికే నిర్వచనం రాసింది, కాకపోతే కాస్త ఎండబెట్టి రాసింది.

నేను గుంటూరు జిల్లాలో జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు ఎకనామిక్స్ చెప్పాను. మాది మిర్చి పండించే ఇల్లు, తమ్ముడు ఇప్పటికీ పండిస్తున్నాడు. టమాటా సంగతి మీకే బాగా తెలుసు కాబట్టి నేను మిర్చితో చెప్తాను, మీరు పక్కన టమాటా పెట్టి చూసుకోండి.

సీజన్‌లో తెల్లవారుజామున గుంటూరు మిర్చి యార్డుకు వెళ్తే కళ్ళకంటే ముందు ముక్కు మేలుకుంటుంది. కొత్తవాళ్ళు తుమ్మడం మొదలుపెడితే ఆగరు. రైతుల సరుకు అమ్మిపెట్టే కమిషన్ కొట్ల ముందు టిక్కీలు వరుసగా పేర్చి ఉంటాయి. టిక్కీ అంటే మిర్చి తొక్కి కుట్టిన బస్తా, 40 కిలోల పైచిలుకు తూగుతుంది. ఒక టిక్కీ కోసి మచ్చు బయటికి లాగుతారు. కొనేవాళ్ళ తరఫు మనిషి గుప్పెడు కాయలు తీసి పిడికిట్లో నొక్కుతాడు. తేమ ఉంటే కాయ మెత్తగా అణిగిపోతుంది, బాగా ఎండితే గలగలమంటుంది. ఒక కాయ విరిచి లోపల గింజ చూస్తాడు, రంగు చూస్తాడు, తాలుకాయలు, అంటే రంగుపోయిన నాసి కాయలు, ఎన్ని కలిశాయో చూస్తాడు. క్వింటాకు ఇంత అని ఒక అంకె చెప్పి పక్క లాటుకు పోతాడు. మొత్తం నిమిషం కూడా పట్టదు.

ఆ అంకె అతని నోట్లోంచి వచ్చింది గానీ అతని బుర్రలో పుట్టలేదు. అంతకు ముందే అతను ఖమ్మంలో, వరంగల్‌లో నిన్న ఏ రేటు నడిచిందో తెలుసుకుని ఉంటాడు. కర్ణాటకలోని బ్యాడిగి యార్డు సంగతి అడిగి ఉంటాడు. చైనాకో, బంగ్లాదేశ్‌కో, శ్రీలంకకో పంపే ఎగుమతిదారు ఎంతవరకు కొనమన్నాడో అతని మనసులో ఉంటుంది. రైతు ఎదురుగా నిలబడింది ఒక్క మనిషే, అతని వెనక ఇంతమంది ఉన్నారు.

ఇప్పుడు ఖమ్మంలో అదే రకం, అదే నాణ్యత కాయకు గుంటూరుకంటే క్వింటాకు వెయ్యి ఎక్కువ పలికిందనుకోండి. లారీ కిరాయి, హమాలీ, కాటా ఖర్చులు కలిపినా వెయ్యిలో సగం కూడా కావనుకుందాం. ఎవరో ఒకరు లారీ ఎత్తిస్తారు. రైతు ఎత్తించకపోతే వ్యాపారి ఎత్తిస్తాడు. నాలుగు రోజులకు అక్కడ సరుకు పెరిగి రేటు దిగుతుంది, ఇక్కడ తగ్గి రేటు ఎక్కుతుంది. చివరికి తేడా రవాణా ఖర్చు దగ్గర ఆగుతుంది. ఇలా ఒకచోటి ధర ఇంకోచోటి ధరను పట్టి లాగుతుంటే ఆ రెండు చోట్లూ ఎకనామిక్స్ లెక్కలో ఒకటే మార్కెట్. లాగకపోతే పక్కపక్క గోడలైనా రెండు మార్కెట్లే.

ఇది నా కల్పన కాదు. ఫ్రాన్స్‌కు చెందిన ఆర్థికవేత్త కూర్నో 1838లోనే ఈ మాట అన్నాడు. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒకరితో ఒకరు అడ్డంకి లేకుండా వ్యవహరించగలిగి, దానివల్ల ఒకే సరుకు ధర తేలిగ్గా, త్వరగా ఒకే స్థాయికి చేరుకునే ప్రాంతమంతా మార్కెట్ అని ఆయన భావం. 1890లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త మార్షల్ దాన్ని తన గ్రంథంలో ఎత్తి చూపాడు. అక్కణ్ణుంచి పాఠ్యపుస్తకాలన్నిటికీ పాకింది. మీ పుస్తకంలో "ప్రదేశం కాదు" అన్న ముక్క మిగిలింది గానీ "ధర ఒకే స్థాయికి" అన్న ముక్క మీద ఎవరూ ఆగరు. అసలు ప్రాణం దానిలోనే ఉంది.

ఒక చిన్న పరీక్ష. గుంటూరు యార్డుకు ఎండాకాలంలో దాదాపు నెల రోజులు సెలవులు ఇస్తారు. గేటుకు తాళం. ఆ నెలలో మిర్చి మార్కెట్ ఉన్నట్టా, లేనట్టా? ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో లక్షల టిక్కీలు ఉంటాయి. మా వైపు దాన్ని ఏసీ సరుకు అంటారు. సరుకు గదిలోంచి కదలకుండానే ఫోన్ మీద బేరాలు నడుస్తుంటాయి, రేటు మారుతూ ఉంటుంది. తాళం యార్డుకు పడింది, మార్కెట్‌కు పడలేదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కేరళలో ఉంది. ఉత్తర కేరళ తీరంలో చేపల వేలం జరిగే రేవులు వరసగా ఉంటాయి. 1990లలో పడవ ఏ రేవుకు వెళ్ళాలో సముద్రంలో ఉన్నవాడికి తెలిసే దారి లేదు. సొంత రేవుకే వచ్చేవాళ్ళు. ఒక రేవులో సార్డీన్ చేప కొనేవాడు లేక తిరిగి సముద్రంలో పారబోసిన రోజే, పదిహేను కిలోమీటర్ల లోపున్న ఇంకో రేవులో చేప దొరక్క కొనేవాళ్ళు ఖాళీ చేతులతో వెళ్ళిపోయిన సందర్భాలున్నాయి. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త ఈ రేవుల ధరల్ని ఏళ్ళ తరబడి రాయించి 2007లో ప్రచురించాడు. 1997 నుంచి 2001 మధ్య మొబైల్ టవర్లు వచ్చి, సిగ్నల్ తీరం దాటి సముద్రంలోకి కూడా అందింది. జాలరులు పడవలోంచే ఫోన్ చేసి రేటు కనుక్కోవడం మొదలుపెట్టారు. పారబోయడం దాదాపు ఆగిపోయింది. రేవుల మధ్య ధరల తేడా బాగా తగ్గింది. జాలరుల లాభం సుమారు 8 శాతం పెరిగింది, తినేవాళ్ళకు ధర సుమారు 4 శాతం తగ్గింది. రేవులు అవే, పడవలు అవే, చేపా అదే. ముందు పదిహేను మార్కెట్లుగా విడివిడిగా ఉన్నవి ఫోన్ వచ్చాక దాదాపు ఒకటయ్యాయి. తరగతిలో ఈ కథ చెప్పాక "ప్రదేశం కాదు" అన్న వాక్యం గురించి మళ్ళీ ఎవరూ అడిగేవారు కాదు.

మీ టమాటాకూ మా మిర్చికీ అసలు తేడా కాలం. కోసిన టమాటా ఎన్నాళ్ళు ఆగుతుంది? మదనపల్లెలో దించాక రేటు నచ్చలేదని వెనక్కి తెచ్చుకునే రైతుని నేను చూడలేదు. ఆ రోజుకు వచ్చిన సరుకు ఎంతో అంతే, కొనేవాళ్ళ అవసరమే ధర నిర్ణయిస్తుంది. 2023 జులైలో సరుకు తగ్గేసరికి కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి వెళ్ళింది. అదే టమాటాను రోడ్డు పక్కన పారబోసిన ఏడాదులు మీకు నేను చెప్పక్కర్లేదు. సరుకు పెంచడానికీ దాచడానికీ వ్యవధి లేని ఈ స్థితినే మార్షల్ అతి స్వల్పకాలం అన్నాడు. మిర్చిని కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి దాచుకోవచ్చు. కాబట్టి ఈ రోజు గుంటూరు ధరను ఖమ్మం ధరే కాదు, వచ్చే సెప్టెంబరులో ఎంత పలుకుతుందన్న అంచనా కూడా లాగుతుంది. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు పంటను తినేసింది, తర్వాత తేజ రకం క్వింటా 20 వేలు దాటింది. ఆ ఆశతో జనం సాగు పెంచారు, నిల్వలూ పేరుకున్నాయి, 2025 మొదట్లో రేటు కూలింది. కేంద్రం ఆ ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటా 11,781 రూపాయలని మార్కెట్ జోక్యం పథకం కింద ప్రకటించింది. అది మార్కెట్ ధర కాదు, గమనించండి. యార్డులో పలికిన ధరకూ దానికీ ఉన్న తేడాను పూడ్చడానికి పెట్టుకున్న కొలత. ఈ రెండిటినీ కలిపేసి రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఒక మార్కెట్టా, రెండా అన్న పేచీ సరుకు విషయంలోనూ ఉంది. మిర్చి మార్కెట్ అంటాం గానీ తేజకు కారం ఎక్కువ, బ్యాడిగి రకానికి రంగు ఎక్కువ, కారం తక్కువ. రంగు కోసం బ్యాడిగి కొనే ఫ్యాక్టరీ తేజ చవకైందని దాన్ని కొనదు. అటువంటప్పుడు ఇవి ఒక మార్కెట్టా, రెండా? జవాబు కొనేవాడి చేతిలో ఉంది. ఒకదాని ధర పెరిగితే కొనేవాళ్ళు రెండోదానికి మళ్ళుతారా లేదా అన్నదే చూడాలి. ఇది పరీక్ష ప్రశ్న అనుకోకండి, కోర్టుల్లో కోట్ల డాలర్ల వ్యవహారం. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ, సరుకులు చుట్టడానికి వాడే పారదర్శకమైన సెల్లోఫేన్ కాగితంలో సుమారు 75 శాతం తనే తయారుచేసేది. గుత్తాధిపత్యమని ప్రభుత్వం కేసు వేసింది. 1956లో సుప్రీంకోర్టు, సెల్లోఫేన్ ఒక్కటే మార్కెట్ కాదు, మైనపు కాగితం, రేకు లాంటి చుట్టే సామాన్లన్నీ కలిపి మార్కెట్ అని తేల్చింది. ఆ లెక్కలో డ్యూపాంట్ వాటా 20 శాతం లోపే. ప్రభుత్వం కేసు ఓడిపోయింది. ఆ తీర్పు తప్పని వాదించే ఆర్థికవేత్తలు చాలామంది, నేనూ వాళ్ళ పక్షమే. గుత్తాధిపత్యంతో డ్యూపాంట్ అప్పటికే ధర అంత ఎక్కువగా పెట్టి ఉంటే జనం వేరే కాగితాలవైపు చూడక ఏం చేస్తారు? మన దేశంలో 2002 నాటి కాంపిటీషన్ చట్టం కూడా ముందు "సంబంధిత మార్కెట్" ఏదో తేల్చమంటుంది. సరుకు హద్దు ఒకటి, ప్రాంతపు హద్దు ఒకటి.

ఇంతవరకూ విని "ఒకే మార్కెట్‌లో ఒకే ధర" అని బట్టీ పట్టకండి. ఖమ్మం, వరంగల్ యార్డుల్లో పొద్దున్నే జెండా పాట పాడతారు. ఆ రోజు మంచి లాటుకు పలికిన పై ధర అది. మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. పేపర్ చూసి సరుకు తెచ్చిన రైతుకు రెండు మూడు వేలు తక్కువ కడతారు, తేమ ఉందంటారు, తాలు ఉందంటారు. గొడవ అవుతుంది. కొంత నిజంగా నాణ్యత తేడా. కొంత, ఒకసారి బస్తా దించాక రైతు ఎక్కడికీ పోలేడన్న ధీమా. ఏది ఎంతో బయటి మనిషి చెప్పలేడు.

నాణ్యత సంగతిలో ఇంకో మెలిక. కొందరు బరువు కోసం కాయ మీద నీళ్ళు చల్లుతారు. పిడికిట్లో నొక్కి పట్టుకోలేనంత తెలివిగా చల్లినవాడిది నడిచిపోతుంది. కొనేవాడు దెబ్బతిని, మరుసటిసారి అందరి సరుకులోనూ నీళ్ళున్నాయనుకుని తగ్గించి చెప్తాడు. నాలుగు రోజులు కల్లంలో ఎండబెట్టి తెచ్చినవాడికి అది గిట్టదు. వాడైనా ఎండబెట్టడం మానేస్తాడు, లేకపోతే యార్డుకు రావడం మానేస్తాడు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియనప్పుడు మంచి సరుకే బయటికి పోతుందని జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో చూపించాడు. దానికి 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ వచ్చింది. కారం తగిలిన చేతులతో మా రైతులు రోజూ చూసే సంగతే.

అందుకే మార్కెట్ ఊరికే మొలవదు. నిజమైన తూకం కావాలి, చెప్పిన ధర అందరికీ వినపడాలి, డబ్బు చేతికి రావాలి. పాతరోజుల్లో చాలాచోట్ల బేరం తువాలు కింద జరిగేది. ఇద్దరూ చేతుల మీద గుడ్డ కప్పుకుని వేళ్ళు పట్టుకుని అంకె చెప్పుకునేవాళ్ళు. పశువుల సంతల్లో నా చిన్నతనంలో నేనే చూశాను. పక్కన నిలబడ్డ సొంతదారుకు కూడా అంకె తెలిసేది కాదు. నియంత్రిత మార్కెట్లు కావాలని 1928లో వ్యవసాయ రాయల్ కమిషన్ సిఫార్సు చేసింది. మనకు ఇప్పుడున్న యార్డుల వ్యవస్థకు పునాది 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం. 2016 ఏప్రిల్ 14న యార్డులను ఆన్‌లైన్‌లో కలిపే జాతీయ వేదిక ఈ-నామ్ మొదలైంది, నిజామాబాద్ పసుపు యార్డు మొదటి విడతలోనే చేరింది. కంప్యూటర్‌లో ధర వేస్తారు, ఒకరు వేసింది ఇంకొకరికి కనపడదు. తువాలు పద్ధతికీ దీనికీ తేడా ఏంటంటారా? చివరికి ఎవరు ఎంత వేశారో లెక్కలో ఉండిపోతుంది, పై ధర వేసినవాడికే సరుకు పోతుంది.

అయినా ఒక ముడి మాత్రం చట్టానికీ కంప్యూటర్‌కీ అంత తేలిగ్గా విడదు. మా నాన్న విత్తనాలకూ పురుగుమందులకూ ఒక కమిషన్ కొట్టులో అప్పు తెచ్చేవాడు. సరుకు అక్కడే వేయాలని కాగితం మీద ఎక్కడా ఉండేది కాదు, కానీ అక్కడే వేయాలి. ఒక ఏడాది పక్క కొట్టు దగ్గర మా లాటుకు క్వింటాకు వంద ఎక్కువ చెప్పారు. నాన్న విననట్టే నడిచాడు. నేను డిగ్రీ కుర్రాణ్ణి, రోషం వచ్చి "ఎందుకు ఇవ్వలేదు?" అని దారంతా సతాయించాను. "వాడు వంద ఎక్కువిస్తాడు, జూన్‌లో విత్తనాలిస్తాడా?" అన్నాడు. ఆ రోజు మా నాన్న రెండు మార్కెట్లలో ఒకేసారి ఉన్నాడని నాకు ఎం.ఏ.కి వచ్చాకగానీ తెలియలేదు. ఒకటి మిర్చిది, రెండోది అప్పుది. మొదటిదాంట్లో పోయిన వంద రెండోదాంట్లో వడ్డీ. పుస్తకంలోని సంపూర్ణ పోటీ, ఏకస్వామ్యం, పరిమితస్వామ్యం పట్టిక నేర్చుకోండి, పరీక్షకు కావాలి. కానీ అమ్మేవాళ్ళు వేలమంది, కొనేవాళ్ళు పదుల్లో, వాళ్ళలోనూ ఒకరికి మనం బాకీ ఉంటే అది ఆ పట్టికలో ఏ గడిలో కూర్చోదు.

ఇక మీ రెండో ప్రశ్న. షేర్ మార్కెట్ అర్థం చేసుకోవడం ఇప్పుడు తేలిక. బొంబాయి దలాల్ స్ట్రీట్‌లో ఒకప్పుడు హాల్లో నిలబడి అరుస్తూ షేర్లు కొనేవాళ్ళు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1994లో అటువంటి హాలు లేకుండానే కంప్యూటర్ల మీద మొదలైంది, మర్నాటి ఏడాది బొంబాయి ఎక్స్ఛేంజ్ కూడా అరుపులు మానేసి తెర మీదికి వచ్చింది. మార్కెట్ ఏమైనా పోయిందా? ఇంకా పెరిగింది.

లేబర్ మార్కెట్ అనగానే పిల్లలు హైదరాబాద్ అడ్డా కూలీలను చెప్తారు. అది కంటికి కనపడే మూల మాత్రమే. మా వైపు మిర్చి కోతలకు కర్నూలు జిల్లా పడమటి నుంచి, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. వాళ్ళ మాటలో అది సుగ్గికి పోవడం. అక్కడ ఒక ఏడాది వానలు బాగా పడి ఊళ్ళోనే పని దొరికితే మా ఊళ్ళో కోత కూలి పెరుగుతుంది. మా తమ్ముడు కోసిగి ఎప్పుడూ చూడలేదు, కానీ అక్కడి వాన అతని ఖర్చు పుస్తకంలో పడుతుంది. ఒక తేడా మాత్రం ఉంది. టిక్కీని లారీలో వేస్తే పోతుంది, మనిషి అలా పోడు. పిల్లల బడి, ముసలివాళ్ళు, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఇవన్నీ ఉంటాయి. అందుకే కూలి రేట్లు మిర్చి రేట్లలాగా దగ్గరికి రావు, ఏళ్ళ తరబడి తేడాగానే ఉండిపోతాయి.

రేపు మీ నాన్నగారు బాక్సులు ఎత్తించే ముందు ఫోన్‌లో ఎవరెవరిని అడుగుతారో పక్కన కూర్చుని రాసుకోండి. కోలారు రేటు అడుగుతారా? చెన్నైకి లారీలు ఎక్కుతున్నాయా అని అడుగుతారా? ఆ ఊళ్ళ పేర్లతో ఒక కాగితం మీద మ్యాప్ గీయండి. నెల రోజులు ఏ ఊరి రేటు కదిలితే మీ రేటు కదిలిందో గీతలు కలపండి. మీ ప్రాజెక్టు వర్కుకు అది చాలు. రేట్లు ఎక్కడైనా అర్థంకాకపోతే కాగితం ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.